భూతద్దం బావ రీళ్ళు

ఏదీ, ఇటు తే చూద్దాం. అబ్బో, బరువుగానే ఉందే! ఈ కాలంలో కూడా రీలు వేసే కెమెరా దొరుకుతోందా? ఓహో, పాతదే కొన్నావా. మూత తెరవనులే, కంగారుపడకు. లోపల రీలుంటే వెలుతురు తగిలి పాడైపోతుందని ఆ మాత్రం నాకూ తెలుసు. ఏమిటీ, మొదటి రీలు షాపువాడు పాడుచేశాడా? మొత్తం గీతలేనా? హుఁ. నీ మొహం చూస్తుంటే మా బావ గుర్తొస్తున్నాడమ్మాయ్. కవరు చించి ఫోటోలు చూసుకున్న రోజున అచ్చం ఇలాగే పెట్టేవాడు మొహం. నువ్వు చూళ్ళేదులే, మీ నాన్నకి కూడా సరిగ్గా గుర్తుండడు. మా పెద్దక్క మొగుడు. నిలబడి వింటావేంటి, ఆ స్టూలు లాక్కుని కూర్చో.

మా బావ ఒక ప్రెస్సులో ప్రూఫులు దిద్దేవాడు. అంటే, పుస్తకం అచ్చుకి వెళ్ళేముందు కాయితాలు తెచ్చి ఈయన బల్ల మీద పడేస్తే, ఎర్ర పెన్సిలు పట్టుకుని తప్పులు ఏరేవాడన్నమాట. పొద్దస్తమానం అదే పని. మరి ఆ కళ్ళు ఇంటికొచ్చినా ఊరుకోవు కదా! రోడ్డు మీద ఏ షాపు బోర్డులో ఒక కొమ్ము ఎగిరిపోయినా సరే, లోపలికి వెళ్ళి షాపువాణ్ణి బయటికి పిలిచి మరీ చూపించేవాడు. "కొనేదేమైనా ఉందా సార్?" అనేవాడు వాడు. "కొనేది లేదు, దిద్దేదుంది" అనేవాడు ఈయన. ఒకసారి జ్వరంతో వణికిపోతూ కూడా డాక్టరు రాసిన చీటీలో తప్పు పట్టాడంటే చూసుకో. డాక్టరు పాపం పెన్ను ఈయనకే ఇచ్చేశాడట. మేమంతా భూతద్దం బావ అనేవాళ్ళం. వెనకాల కాదు, మొహం మీదే. పొంగిపోయేవాడు.

ఆ ప్రెస్సు ఓనరు కొత్త కెమెరా కొనుక్కుని పాతది ఈయనకి అంటగట్టాడు. అంతే, ఇక పట్టుకుంది పిచ్చి. అందరిలాగా మనుషుల్ని నిలబెట్టి తీస్తాడా? అబ్బే. కుళాయి కింద బొట్టు పడుతుంటే దాన్ని తీస్తాడు. మెట్ల కింద నీడ తీస్తాడు. మా అక్క జుట్టుకి కట్టుకునే పల్చటి గుడ్డ లెన్సుకి చుట్టి గోడ తీస్తాడు. రీలు తిప్పకుండా ఒకదాని మీదే ఇంకొకటి తీసి, "చూశావుట్రా, కిటికీలో కిటికీ" అంటాడు. మేం బుర్రూపేవాళ్ళం. నిజం చెప్పొద్దూ, నాకైతే మసకలో మసక కనిపించేది. అయినా ఆ సంబరం చూస్తుంటే ముచ్చటేసేది. ఇంట్లో ఉన్నంతసేపూ కెమెరాకి కన్ను అంటించుకునే ఉండేవాడు. మా అక్క ఏదైనా చెప్పబోతే, "ఒక్క క్షణం ఉండు, వెలుతురు పోతుంది" అనేవాడు.

ఆఁ, రీలు కడిగించడం దగ్గర కదూ మొదలెట్టాం. అదే చెబుతున్నా. ఆయన కష్టాలన్నీ అక్కడే. మెయిన్ రోడ్డులో పెద్ద స్టూడియో ఒకటుండేది, అద్దాల తలుపులూ అవీ. వాళ్ళు కడిగితే నీకొచ్చినట్టే నిలువునా గీతలు. రెండోవాడు సరిగ్గా ఆరబెట్టేవాడు కాదు, ప్రతి ఫోటో మీదా నీటి మచ్చలు. మూడోవాడి సంగతి అడక్కు. ఈయన కుళాయి బొట్లు ఎవరికో ఇచ్చేసి, వాళ్ళ మేక ఫోటోలు ఈయన చేతిలో పెట్టాడు. రీలు నిండా మేకే. కూర్చున్న మేక, నిలబడ్డ మేక, మేకని ఎత్తుకున్న పెద్దాయన. "ఇది నా రీలు కాదయ్యా" అంటే, "చాలా బాగా వచ్చింది సార్, తీసుకోండి" అంటాడట! ఆ రోజు మా ఇంటికొచ్చి ఆయన తిట్టిన తిట్లు ఇప్పుడు నీ ముందు చెప్పలేను.

ఇంకో చిక్కు కూడా వచ్చిపడింది. ఏ షాపులో ఇచ్చినా రీలు మధ్యలో ఈయన తియ్యనిదేదో ఒకటి వచ్చేది. మసగ్గా, అలుక్కుపోయినట్టు. చూస్తే కుర్చీలా ఉంటుంది, చూస్తే గోనెసంచిలా ఉంటుంది. "చూడు, ఎవడిదో మళ్ళీ కలిపేశాడు" అని ఎర్ర పెన్సిలుతో అడ్డంగా ఒక గీత గీసి పక్కన పడేసేవాడు. షాపుల తప్పనే అనుకున్నాం అందరం.

చివరికి ఎవరో చెప్పారట, మందుల దుకాణాల సందు చివర, మేడ మీద ఒక ముసలాయన ఉన్నాడు, బోర్డు కూడా ఉండదు, కానీ చెయ్యి మంచిదీ అని. బావ వెతుక్కుంటూ వెళ్ళాడు. ఇరుకు మెట్లు. పైన ఒక గది, దానికి నల్ల పరదా, దాని వెనకాల చీకటి గది. పరదా తీసుకుని ఆయన బయటికొస్తే ముందు చేతులు కనిపించాయట. తెల్లగా నానిపోయి, వేళ్ళ కొసలన్నీ ముడతలు పడి, నీళ్ళలోంచి అప్పుడే తీసినట్టు. బావ ఆయనకి పేరు పెట్టేశాడు, తడిచేతులాయన అని. మాటలు తక్కువ. రీలు తీసుకుని, "ఎల్లుండి రండి" అని మళ్ళీ పరదా వెనక్కి. అంతే.

ఎల్లుండి వెళ్ళాడు. అబ్బ, ఆ ఫోటోలు నేను కూడా చూశానమ్మాయ్. గీత లేదు, మచ్చ లేదు. కుళాయి బొట్టులో ఎదురుగా ఉన్న గిన్నె కనిపిస్తోంది! బావ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయట. "ఇన్నాళ్ళూ ఎక్కడున్నారండీ మీరు?" అన్నాడట. ఆయన నవ్వలేదు. ఒక ఫోటో విడిగా తీసి పైన పెట్టి, "అన్నింట్లోకీ ఇది బాగా వచ్చింది. ఈవిడ ఎవరండీ?" అన్నాడు.

బావ చూశాడు. ఇదివరకు మసగ్గా వస్తోందే, అదే. ఇప్పుడు స్పష్టంగా ఉంది. కుర్చీ. వీళ్ళింట్లో ముందుగదిలో, పడమటి కిటికీ పక్కనుండే పేము కుర్చీ! పైన దిండు, వెనక తెర, గోడకి ఉత్త మేకు. ఎవడి రీలో కలవలేదు, తన ఇల్లే. మరి తీసిందెవరు? తను తియ్యలేదు. ఆ ఆలోచనలో పడి, తడిచేతులాయన అడిగిన మాట ముందు చెవికెక్కనే లేదు. మెట్లు దిగాక ఎక్కింది. ఈవిడ ఎవరండీ అన్నాడేంటి? అక్కడే సందులో నిలబడి కవరు తెరిచి మళ్ళీ చూశాడు. కుర్చీ, దిండు, తెర, మేకు. ఎవరూ లేరు.

ఇంటికొచ్చి మా అక్కని అడిగాడు. "కెమెరా నువ్వు ముట్టుకున్నావా?"

"ముట్టుకున్నాను" అంది.

మా అక్క సంగతి నీకు తెలీదు. అబద్ధం చెప్పేదీ కాదు, ఎక్కువ చెప్పేదీ కాదు. పిల్లా జెల్లా లేరు వాళ్ళకి. ఈయన పొద్దున వెళ్తే దీపాలు పెట్టేవేళకి వచ్చేవాడు, వచ్చాక కెమెరా. "ఎందుకు తీశావు?" అంటే, "చెబితే మీరు నమ్మరు. అచ్చులో చూస్తేనే కదా మీరు నమ్మేది" అంది. అని అప్పుడు చెప్పింది. మధ్యాహ్నం పనయ్యాక, కిటికీలోంచి ఎండ జరుగుతూ జరుగుతూ కుర్చీ దాకా వస్తుంది చూడూ, ఆ వేళకి ఎవరో ఒకావిడ వచ్చి కూర్చుంటోందట. తలుపులోంచి రాదట. చూస్తే ఎవరూ ఉండరు, ఇంకోసారి చూస్తే ఉంటుందట. పలకదు. ఆఫీసుల్లో మన వంతు ఎప్పుడొస్తుందా అని కూర్చుంటామే, అలా కూర్చుంటుందట. ఎండ కుర్చీ దాటిపోయాక ఉండదు.

బావ ఓసారి ఆ కుర్చీ వైపు చూశాడు. "భయం వెయ్యలేదా నీకు?" అన్నాడు.

"మొదట్లో వేసింది. తర్వాత, పోన్లే, ఇంట్లో ఇంకో మనిషి ఉన్నట్టుందిలే అనిపించింది" అంది మా అక్క.

ఇది నాకెలా తెలుసంటావా? బావే చెప్పాడు. అన్నీ నాతోనే చెప్పేవాడు. ఆ మాట చెప్పినప్పుడు మాత్రం నా మొహం చూడలేదు, చొక్కా గుండీ తిప్పుకుంటూ చెప్పాడు.

సరే, ఆయన సామాన్యుడా! కూర్చుని ఆ ఫోటో ముందు పెట్టుకుని నిజం భూతద్దం తెచ్చుకుని చూశాడు. తెర అంచున ఊడిపోయిన దారం కనిపించింది. మేకు మీద తుప్పు కనిపించింది. పేములో విరిగిన పుల్ల కనిపించింది. మనిషి మాత్రం కనిపించలేదు. పక్కన మా అక్క వేలు పెట్టి చూపిస్తోంది, "ఇదిగో ఇది భుజం, ఇదిగో ఇది చెయ్యి." ఈయనకి అక్కడ దిండే ఉంది. ఎన్ని వేల పేజీలు దిద్దిన కళ్ళమ్మాయ్ అవి! సున్నాకీ అరసున్నాకీ తేడా అంత దూరం నుంచి పట్టేవాడు. అవతల ఇద్దరికి కనిపించేది తనకి కనిపించడం లేదంటే ఎలా ఉంటుంది చెప్పు? ముందు కోపం వచ్చిందట. ఇద్దరూ కలిసి ఆట పట్టిస్తున్నారనుకున్నాడు. "ఆవిడ ఎలా ఉంటుందో చెప్పు" అన్నాడు మా అక్కని. బూడిదరంగు బట్టలు, ఒళ్ళో సంచి, దాని మీద రెండు చేతులూ. ఒక కాలి చెప్పు విప్పేసి, ఆ పాదం రెండో పాదం మీద పెట్టుకుని ఉంటుందట. "చెప్పు కరిచినట్టుంది పాపం" అంది.

మర్నాడు ప్రెస్సు మానేసి మేడ మెట్లెక్కాడు. తడిచేతులాయన పరదా తీసుకుని వచ్చాడు. "ఇందులో ఉన్నావిడ ఎలా ఉందో కాస్త చెబుతారా?" అన్నాడు బావ. ఆయన ఎగాదిగా చూసి, "మీ ఇంటి మనిషిని నన్నడుగుతారేంటండీ?" అన్నాడు. "చెప్పండి, మీ పుణ్యముంటుంది" అని బతిమాలాడు ఈయన. అప్పుడు ఫోటో కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి, తెలిసిన వాళ్ళ గురించి చెప్పినట్టే చెప్పాడట. రంగు నేను చెప్పలేనండీ, ఇందులో అన్నీ బూడిదరంగే కదా అన్నాడు. ఒళ్ళో సంచి అన్నాడు. ఒక కాలికి చెప్పు లేదన్నాడు. అని, కొంచెం ఆగి, "కరిచిందేమో" అన్నాడు.

అదిగో, నీ చేతి మీద కూడా రోమాలు లేచాయి. నాకు ఇప్పటికీ అంతే.

బావ ఇంటికి చుట్టుదారిన నడిచి వెళ్ళాడట, ఆ కాళ్ళు ఇంటివైపు పోనంటే. ఆ వారంలోనే మా అక్కని కూడా ఆ మేడకి తీసుకెళ్ళాడు. ఇద్దరూ ముందే కూడబలుక్కున్నారేమోనని ఇంకా ఓ మూల అనుమానం. వాళ్ళిద్దరూ ఒకరినొకరు చూడడం అదే మొదటిసారి. కానీ చూడు, ఆ ఫోటో మధ్యలో పెట్టుకుని ఇద్దరూ ఎలా మాట్లాడుకున్నారట! "అలిసిపోయినట్టుంది కదమ్మా." "అవునండీ, ఎప్పుడూ అలాగే ఉంటుంది." "సంచిలో ఏముందో." "ఎప్పుడూ తెరవదండీ." ఈయన పక్కన, తెలియని భాష వాళ్ళ మధ్య ఇరుక్కున్నవాడిలాగా నిలబడ్డాడు. తిరిగొస్తుంటే దారిలో మా అక్క ఒక్క మాటే అంది. "ఇన్ని రీళ్ళు తీశారు కదా, ఒక్కదాన్లోనైనా నేనున్నానా?" ఈయన నడుస్తూ నడుస్తూ ఆగిపోయాడు. కుళాయి ఉంది, మెట్లున్నాయి, గోడలున్నాయి. మా అక్క లేదు. ఒక్కదాన్లోనూ లేదు.

నేనైతే అక్కడితో ఆ ఇల్లు ఖాళీ చేసేవాణ్ణి. ఆయనకి మాత్రం తేల్చుకోవాలి. ఒక మధ్యాహ్నం ఇంట్లోనే ఉండిపోయాడు. కెమెరా మా అక్క చేతిలో పెట్టి, "నేను ఆ కుర్చీలో కూర్చుంటాను, నువ్వు తియ్యి" అన్నాడు. ఎండ కుర్చీ మీదికి వచ్చేదాకా చూసి అటు కదిలాడు. మా అక్క చెయ్యి పట్టుకుంది. "ఇప్పుడొద్దండీ."

"ఏం? ఉందా?"

మా అక్క కుర్చీ వంకే చూస్తోంది.

"అయితే లేవమను" అని వెళ్ళి కూర్చున్నాడు. చొక్కా సర్దుకుని, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని. కుర్చీ వెచ్చగా ఉందట. ఎండ పడుతోంది కదా, ఉండదూ మరి! ఆయనే అన్నాడు ఆ మాట, నేను కాదు. కానీ వెనకవైపు ఎండ పడని చోట కూడా వెచ్చగా ఉందని కూడా ఆయనే అన్నాడు. మా అక్క కెమెరా ఎత్తింది, దించింది, మళ్ళీ ఎత్తి, నొక్కింది.

ఆ రీలు కడిగి తడిచేతులాయన కవరు ఇస్తూ, "మీ ఆవిడ చెయ్యి కుదిరిందండీ. ఈసారి ఆ కుర్చీలో ఆవిడ నేరుగా కెమెరాలోకే చూసింది" అన్నాడట. బావ కవరులోంచి ఆ ఫోటో తీసి ఆయన ముందు పెట్టాడు. "మరి నేనో?" అన్నాడు. ఆయన ఫోటో తిరిగి తీసుకుని, దగ్గరగా పెట్టుకుని చూసి, దూరంగా పెట్టుకుని చూసి, "మీరా? ఇందులో మీరెక్కడున్నారండీ?" అన్నాడు.

అప్పుడు నేను బస్టాండులో టికెట్లిచ్చే కౌంటర్లో పనిచేస్తున్నా. లైను పెద్దగా ఉంది. అందర్నీ తోసుకుంటూ వచ్చాడు బావ, జనం తిడుతున్నారు, ఆ కన్నంలోంచి మూల మడతపడేలా ఫోటో లోపలికి తోసి, "ఇందులో ఎవరున్నార్రా?" అన్నాడు. నేను చూశా. "ఎవరుండడమేంటి, నువ్వే. ఏంటి బావా, కుర్చీలో అలా బిగుసుకుని కూర్చున్నావు, పన్ను పీకించుకునేవాడిలాగా?" అన్నా. కడ్డీల్లోంచి చెయ్యి పెట్టి నా చెయ్యి పట్టుకున్నాడు. వదలడే! వెనకాల ఒకాయన, "బస్సెళ్ళిపోతోందయ్యా" అని మొత్తుకుంటున్నాడు. "ఉన్నానుగా? నువ్వు చూశావుగా?" అంటాడు. "ఉన్నావు బావా, ఉన్నావు" అన్నా. నా కళ్ళతో చూశానమ్మాయ్, ఉన్నాడు. చొక్కా జేబులో పెన్సిలు కూడా ఉంది. కుర్చీలో ఇంకెవరూ లేరు.

ఇంటికి తీసుకెళ్ళి మా అక్కకి చూపించాడు. ఆవిడ చాలాసేపు చూసి, మెల్లిగా, దెబ్బ తగిలిన పిల్లాడికి చెప్పినట్టు, "మీరు లేరండీ" అంది.

తర్వాత ఆ ఇల్లు వదిలేశారు. కుర్చీ అక్కడే ఉంచేశారు, ఎవరూ పట్టుకెళ్తానని కూడా అడగలేదు. కొత్తింట్లో మా అక్కకి ఎవరూ కనిపించలేదు. బావ మారిపోయాడు. కుళాయిలూ లేవు, నీడలూ లేవు. తీస్తే మా అక్కనే తీసేవాడు. బట్టలారేస్తుంటే, తల దువ్వుకుంటుంటే, ఊరికే కూర్చుంటే. ప్రతి రీలూ ఆ మేడకే పట్టుకెళ్ళేవాడు. అదేంటి, భయం లేదా అంటావా? నేనూ అడిగాను. "ఉన్నదున్నట్టు కడిగేది ఆయనొక్కడేరా" అన్నాడు. నిజమే, మా అక్క ఎంత బాగా పడేదో వాటిల్లో! ఒక్క కొత్త అలవాటు మాత్రం వచ్చింది బావకి. సాయంత్రం ఇంట్లోకి అడుగుపెడుతూనే గుమ్మంలో ఆగి, "నేను కనిపిస్తున్నానా?" అనేవాడు. నవ్వుతూనే. మా అక్క లోపల్నుంచి, "ఆఁ, కనిపిస్తున్నారు, రండి" అనేది. అప్పుడే లోపలికొచ్చేవాడు. ఎవరైనా చుట్టాలొస్తే అదో సరసం అనుకుని నవ్వేవాళ్ళు. ఏ రోజైనా ఆవిడ జవాబు ఆలస్యమైతే ఆయన గుమ్మం పట్టుకుని ఎలా నిలబడేవాడో నేను చూశాను. నాకు నవ్వొచ్చేది కాదు.

చాలా ఏళ్ళు బాగానే గడిచాయిలే. ఒక మధ్యాహ్నం ప్రెస్సులో కాయితాల మీద తల వాల్చాడు. కునుకు తీస్తున్నాడనుకుని ఎవరూ లేపలేదు. కాయితాలు పట్టుకెళ్ళడానికి వచ్చినవాడు తట్టి చూశాడు. అంతే.

గోడకి పెట్టుకుందామని ఫోటో కోసం వెతికితే, ఆయనది ఒక్కటీ లేదు. ఎప్పుడూ కెమెరా వెనకాలే కదా ఉన్నాడు! పెట్టె నిండా మా అక్కే. చివరికి ఆవిడే అడుగునుంచి తీసింది, ఆ కుర్చీ ఫోటో. నేను వద్దందామనుకున్నా. చేతిలో పట్టుకుని చూసింది, చూసింది. మొహం విచ్చుకుంది ఒక్కసారిగా. "ఒరేయ్, ఇప్పుడున్నార్రా ఇందులో!" అంది. "ఆవిడ లేచి పక్కన నిలబడింది చూడు. ఈయనకి కుర్చీ ఇచ్చేసింది." బొటనవేలితో ఆ ఫోటో మీద రాస్తూ, "ఎంత బాగా పడ్డారో కదూ!" అని నాకిచ్చింది.

తీసుకుని చూశాను. బస్టాండులో చూసిన ఫోటోయే, ఆ మూల మడత కూడా అదే. మేకుంది. తెరుంది. దిండుంది. ఉత్త కుర్చీ.

"బాగా పడ్డాడక్కా" అన్నాను.

ఏమిటీ? అదిప్పుడెక్కడుందా? ఎందుకమ్మా నీకు. ఇంద, నీ కెమెరా తీసుకో. ఆ తలుపు దగ్గరికి వేసి వెళ్ళు, గాలికి కొట్టుకుంటోంది.